తేడా సరిచేశాను

జూన్ 2, సోమవారం

కొత్త పుస్తకం మొదలుపెట్టాను. పాత పుస్తకంలో గ్యాసు బండ మార్చిన తేదీలు, దుప్పట్లు ఉతికిన తేదీలు, అత్తయ్య కళ్ళజోడు ఎక్కడెక్కడ దొరికిందన్న జాబితా ఉన్నాయి. ఇది వాటితో కలపకూడదు.

ఆయన మూత్రంలో ప్రొటీన్ పోతోంది. రోజుకు ఆరు వందల మిల్లీగ్రాములు. నూట యాభై దాటకూడదట. ఆసుపత్రిలో ఒక రోజంతా ఉంచి కొలిచారు కాబట్టి అంకెలో అనుమానం లేదు. ఉప్పు ఎనిమిది గ్రాములు తింటున్నారట, ఐదుకు తేవాలి. కిడ్నీలు ఇప్పటికైతే బాగానే పనిచేస్తున్నాయి. కానీ బావగారికీ ఇలాగే మొదలైంది. బావగారు ఈయనకంటే నాలుగేళ్ళు పెద్ద. ఇప్పుడు వారానికి మూడు రోజులు డయాలిసిస్ మెషీను పక్కన పడుకుంటున్నారు.

అందుకే ఈ స్టడీ. కొత్త మాత్ర ఒకటి పరీక్షిస్తున్నారు. సగం మందికి మందు మాత్ర, సగం మందికి ఉత్త మాత్ర. ఎవరికి ఏది ఇస్తున్నారో ఇచ్చే డాక్టరుకి కూడా తెలియదట. అత్తయ్య ఇది విని, "ఇచ్చేవాడికే తెలియకపోతే ఇక రోగానికేం తెలుస్తుందే?" అన్నారు. ఉత్త మాత్ర వచ్చినా పెద్ద డాక్టరుగారు నెలనెలా చూస్తారు, అది చాలు.

మూడు లీటర్ల తెల్ల డబ్బా ఇచ్చారు. రెండు వారాలకోసారి, పొద్దున మొదటి మూత్రం పారబోసి, అప్పటి నుంచి మర్నాడు పొద్దున మొదటిదాకా ప్రతి చుక్కా అందులోకే. స్టడీ నర్సు నెమ్మదిగా రెండుసార్లు చెప్పింది: "ఒలికినా, మరిచిపోయినా మాకు చెప్పేయండమ్మా. ఆ శాంపిల్ లెక్కలోకి తీసుకోం. రెండుసార్లు అలా అయితే మాత్రం స్టడీలోంచి తప్పిస్తారు."

మా ఇంట్లో ఒలకడం ఉండదు అన్నాను.

తాగిన నీళ్ళూ రాసి పెడతాను, బయటికి వచ్చిందానితో సరిపోవాలి కదా అని కూడా అన్నాను. సరిపోనక్కరలేదట. చెమటలో కొంత, ఊపిరిలో కొంత పోతుందట. ఊపిరిలో నీళ్ళు పోవడమేమిటి! చిన్నపిల్ల, ఇల్లు నడిపిన అనుభవం లేదు.

జూన్ 3, మంగళవారం

ఉప్పు పద్దు:
ఆయనకు 5 గ్రాములు. తూకం వేసి చిన్న డబ్బీలో పోశాను. పొద్దున ఒకటిన్నర, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఒకటిన్నర.
ఇంటిల్లిపాదికీ అదే వంట. వేరు వంట చేస్తే ఆయన మనసు చివుక్కుమంటుంది.

అత్తయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు. "అమ్మాయ్, ఈ కూర ఉడికిందా, స్నానం చేసి వచ్చిందా?" అన్నారు.

పై అరలో ఉప్పు నిమ్మకాయ సీసా ఉంది, స్టడీకి ముందు పెట్టింది. సరిగ్గా నూట ఇరవై ముక్కలు. ఆయన చూడకూడదు, అత్తయ్యకు పళ్ళు పులుస్తాయి. పారేయడం నా వల్ల కాదు. నేనే నెమ్మదిగా అవగొడతాను. అది నా లెక్క, ఈ పుస్తకంలోకి రాదు.

జూన్ 8, ఆదివారం

ఆయన తాగిన నీళ్ళు: 2200. నడుము పట్టుకుపోయింది, ఆయనది కాదు, నాది. గ్లాసు పట్టుకుని వెనకాల తిరగడం వల్ల.

జూన్ 15, ఆదివారం

మొదటి డబ్బా రోజు. ఆదివారం కావడం మంచిదైంది, ఆయనకు డ్రైవింగ్ స్కూలు సెలవు. (కారు నేర్పడం ఆయన పని. ఇరవై రెండేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని తన కాలికింది బ్రేకు తొక్కుతూ ఉన్నారు. ఇంట్లో నడుస్తున్నప్పుడు కూడా ఎవరైనా ఎదురొస్తే కుడికాలు నేలకేసి నొక్కుతారు.)

నిమ్మకాయ సీసా: 86.

జూన్ 16, సోమవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున ఏడున్నరకు ఆయన చివరిది పోసి, డబ్బా మూత పెట్టి, స్నానానికి వెళ్ళారు. ఎంతయిందో కొలవమని నాకెవరూ చెప్పలేదు. కానీ కొలవకుండా ఒక వస్తువు ఇల్లు దాటడం నా కాపురంలో జరగలేదు. పాత కొలపాత్ర ఒకటి దీనికోసమే పక్కన పెట్టి, మీద ఎర్రరంగుతో ఇంటూ గుర్తు వేసి ఉంచాను. దాంతో కొలిచాను. 1650. తిరిగి డబ్బాలో పోస్తుండగా అత్తయ్య వెనక నుంచి, "నా కళ్ళజోడు చూశావా?" అన్నారు.

చూశాను. నెత్తి మీదే ఉంది. అది చెప్పడానికి వెనక్కి తిరిగాను, మోచెయ్యి తగిలింది.

మిగిలింది 700.

బాత్‌రూమ్ కడిగాను. రెండుసార్లు కడిగాను. ఆలోచించాను. మొట్టమొదటి డబ్బాకే ఇలా అయితే ఒక తప్పు పడిపోయినట్టే, ఇంకొక్కటే మిగులుతుంది. మా బావగారి మెషీను కళ్ళముందు కనిపించింది. ఆసుపత్రివాళ్ళు పదిన్నరకు వస్తారు. నేను వరసగా నాలుగు గ్లాసుల నీళ్ళు తాగాను. పది కల్లా తేడా సరిచేశాను.

తప్పేముంది? ఇద్దరం ఒకే గిన్నెలోది తింటున్నాం. ఒకే ఫిల్టరు నీళ్ళు తాగుతున్నాం. ఇరవై ఆరేళ్ళ కాపురం. మొత్తం 1650, గీత మీద గీత.

నర్సు ఫోను చేసి, "ఏమైనా ఒలికిందా అమ్మా?" అంది. "డబ్బాలో ఉన్నది ఏదీ ఒలకలేదు" అన్నాను. ఇది అబద్ధం కాదు.

జూన్ 20, శుక్రవారం

రిపోర్టు.
ప్రొటీన్: 1100.
ఉప్పు: 9 గ్రాములు.

ఐదు గ్రాములు తూకం వేసి పెడితే తొమ్మిది ఎలా వస్తాయి? నర్సు నా వైపు చూసి, "కొంచెం చెయ్యి తగ్గించి వేయండమ్మా" అంది. నా వైపు! నేను ఉప్పు డబ్బీ, తక్కెడ, పుస్తకం మూడూ తీసి బల్ల మీద పెట్టాను. ఆ అమ్మాయి పుస్తకం పది నిమిషాలు చదివి, "అయితే సార్ బయట ఎక్కడో తింటున్నారు" అంది.

ఇంటికొచ్చేదాకా ఆగాను.

"ఎక్కడ తింటున్నారు?" అన్నాను చెప్పులు విప్పుతూనే.

"ఏమీ తినలేదే బాబూ. అమ్మ మీద ఒట్టు."

"నా మీద ఎందుకురా? నీ కారు మీద వేసుకో, ఇన్సూరెన్సు ఉంది" అన్నారు అత్తయ్య టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

జూన్ 21, శనివారం

ఆయన చొక్కా జేబులు: ఏమీ లేవు.
ప్యాంటు జేబులు: పిప్పరమెంటు కాగితం ఒకటి. నాకి చూశాను. తీపి.
వేళ్ళు: వాసన చూశాను. స్టీరింగు వాసన.

జూన్ 23, సోమవారం

కారు వెనక సీట్లో కూర్చుని వెళ్ళాను. కూరగాయల మార్కెట్ దగ్గర దింపమన్నాను, మార్కెట్ వచ్చాక, ఇంకో మార్కెట్ చూద్దాం అన్నాను.

ఇప్పుడు నేర్చుకుంటున్నది బ్యాంకులో పనిచేసే ఒకావిడ. నలభై రోజులుగా నేర్చుకుంటోంది. ఆవిడకు బ్రేకు అంటే చాలా నమ్మకం. దూరంగా కుక్క పడుకుని ఉంటే తొక్కుతుంది, కుక్క లేస్తే తొక్కుతుంది. నా తల ముందు సీటుకు పదకొండుసార్లు తగిలింది.

సిగ్నల్ దగ్గర ఆవిడ డబ్బా తీసి, "సార్, తీసుకోండి" అంది.

నేను ముందుకు వంగాను. "ఏమిటవి?"

ఆవిడ బెదిరిపోయి బ్రేకు తొక్కింది. కారు అప్పటికే ఆగి ఉంది.

దోసకాయ ముక్కలు. ఒకటి నేను తిన్నాను. ఉప్పు లేదు. ఆయన చేతిలో ముక్క పట్టుకుని అద్దంలోంచి నన్నే చూస్తున్నారు, నేరం రుజువైనవాడిలా. "తినండి" అన్నాను. తినలేదు.

జూన్ 24, మంగళవారం

ఉప్పు 5 నుంచి 3 గ్రాములకు తగ్గించాను. ఆ దొంగ ఉప్పు ఎక్కడిదో తేలేదాకా ఇంతే.

మధ్యాహ్నం ఆయన పళ్ళెం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఉన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను నిజంగా ఏమీ తినడంలేదే" అన్నారు.

"ఏడవకురా, ఉన్న కాస్త ఉప్పూ పోతుంది" అన్నారు అత్తయ్య.

నాకు జాలేసింది. ఆయన లేచి వెళ్ళాక నిమ్మకాయ ముక్కలు రెండు ఎక్కువ తిన్నాను. బెంగగా ఉంటే నాకు పులుపు కావాలి.

సీసా: 55.

జూన్ 27, శుక్రవారం

బావగారు ఫోను చేశారు. "మరదలా, వాడు మంచివాడే కానీ నోరు మంచిది కాదు. చిన్నప్పుడు పలకమీద బలపం కూడా తిన్నాడు" అన్నారు. బలపంలో ఉప్పు ఉంటుందా అని అడిగాను. ఆయనకు తెలియదట. మెషీను దగ్గర నర్సును అడిగి చెప్తానన్నారు.

జూన్ 30, సోమవారం

రెండో డబ్బా. ఈసారి పనిదినం. నిన్న ఆదివారమే పట్టిస్తామని అడిగితే, ఆ రోజు శాంపిల్ ప్రయోగశాల ఈసారి తీసుకోదట. ఆయన డబ్బాను నల్లసంచీలో పెట్టి, సంచీని కారు వెనక సీట్లో పెట్టి, దానికి సీటు బెల్టు కట్టారు. "రెండు ట్రిప్పులకోసారి పెట్రోలు బంకులో ఆగుతాను" అన్నారు. మంచి ఏర్పాటు. నాకు గర్వంగా అనిపించింది.

సాయంత్రం తల వంచుకుని వచ్చారు.

"బ్యాంకు ఆవిడేనా?" అన్నాను.

"గాలిపటం" అన్నారు. "ఆకాశంలో. దానికి తొక్కింది."

బెల్టు డబ్బాను పట్టుకుంది కానీ మూతను పట్టుకోలేదు. మిగిలింది, మర్నాటి పొద్దునదానితో కలిపి, ఎనిమిది వందలు దాటదు.

"పర్లేదులే, నర్సుకి చెప్పేస్తాను" అన్నారు. "ఒకసారే కదా."

ఆయన లెక్కలో ఒకసారే. నా లెక్కలో రెండు. రెండయితే తీసేస్తారు.

"మీరు కారు శుభ్రం చేసుకోండి. డబ్బా సంగతి నేను చూసుకుంటాను" అన్నాను.

జూలై 1, మంగళవారం

తేడా సరిచేశాను. 900.

సీసా: 31.

జూలై 4, శుక్రవారం

ప్రొటీన్ 1600. ఉప్పు తొమ్మిదిన్నర.

పెద్ద డాక్టరుగారే పిలిచి మాట్లాడారు. నెల రోజుల్లో ఇంత పెరగడం మంచిది కాదట. మాత్ర పడటంలేదో, లోపల ఇంకేదో జరుగుతోందో చూడాలట. మాత్ర ఆపేశారు. వచ్చే గురువారం, పదో తారీకు, నడుములోంచి సూది గుచ్చి కిడ్నీలోంచి చిన్న ముక్క తీస్తారట. బియ్యపు గింజంత. ఒక రోజు కదలకుండా పడుకోవాలి. ఒక్కోసారి రక్తం పోతుందట, అరుదుగానే. కాగితం మీద ఆయన సంతకం పెట్టారు. సాక్షి సంతకం నాది.

ఆ డబ్బాల సంగతికీ దీనికీ సంబంధం లేదు. ఒకే గిన్నె.

జూలై 5, శనివారం

ఆయన మరీ మెత్తగా అయిపోయారు. అదే భయంగా ఉంది. కరెంటు బిల్లు కాగితాలు ఎక్కడుంటాయో చూపించారు. ఎక్కడుంటాయో నాకు చూపించడం! వాటిని అక్కడ పెట్టిందే నేను. అయినా తెలియనట్టు చూశాను.

"మెషీను పడితే వారానికి మూడు రోజులు తీసుకెళ్ళాలి. నీకు కారు నేర్పేస్తాను. రేపటి నుంచి" అన్నారు.

అత్తయ్య ఇవాళ ఒక్క మాట కూడా విసరలేదు. ఉప్పులేని అన్నం మారు అడిగి మరీ తిన్నారు.

ఒకే గిన్నె, ఒకే ఫిల్టరు.

జూలై 6, ఆదివారం

సీసా: 12.

ఊరికే లెక్క కోసం రాస్తున్నాను. ఆ సీసాలో వేసిన ఉప్పు మూడు వందల అరవై గ్రాములు, పాత పుస్తకంలో రాసి ఉంది. నూట ఇరవై ముక్కలు. ముక్కకు మూడు గ్రాములు. మూడో తారీకు నుంచి ఇవాళ్టికి ముప్పై నాలుగు రోజులు. తిన్నవి నూట ఎనిమిది. 324 గ్రాములు. రోజుకు తొమ్మిదిన్నర.

కూడిక తప్పేమోనని మళ్ళీ చేశాను. తప్పలేదు.

దొంగ ఉప్పు దొరికింది. పై అరలో ఉంది. దొంగ కూడా దొరికింది, కింది నుంచి స్టూలు వేసుకుని ఎక్కుతుంది.

సరే. ఉప్పు నాది. ఒకే గిన్నె అన్నమాట సగం అబద్ధం. పెద్ద విషయమేం కాదు.

మరి ఆ ప్రొటీన్

(ఇక్కడ రెండు వాక్యాలు రాసి కొట్టేశాను. ఈ పుస్తకంలో కొట్టివేత ఇదే మొదటిది.)

జూలై 7, సోమవారం

చెప్పాలి. చెప్పకపోతే ఆయన నడుములో సూది దిగుతుంది, నా వల్ల.

పొద్దున కాఫీ ఇస్తూ మొదలుపెట్టాను. "ఏవండీ, ఒక మాట." ఆయన ఎంతో ప్రేమగా చూసి, "నాకేం కాదులే, నువ్వు ధైర్యంగా ఉండు" అన్నారు. పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వచ్చేశాను.

మధ్యాహ్నం అత్తయ్యకు చెబుదామనుకున్నాను. నిద్రపోతున్నారు. లేపలేదు.

సాయంత్రం మళ్ళీ. ఆయన బావగారితో ఫోనులో, "నీ పక్క మంచం ఖాళీ అయితే చెప్పు అన్నయ్యా, ఇద్దరం పేకాడుకోవచ్చు" అని నవ్వుతున్నారు.

జూలై 8, మంగళవారం

చెప్పేశాను. ఎలా చెప్పానో రాసి ఉంచాలి.

కారు నేర్పుతున్నారు. నేను స్టీరింగు దగ్గర, ఆయన పక్కన. ఆసుపత్రి దారి నాకు అలవాటు కావాలని ఆ రోడ్డే ఎక్కించారు. "ఇక్కడ కుడికి. గేటు అదిగో. నన్ను ఇక్కడ దింపి, నువ్వు బండి అక్కడ పెట్టుకోవాలి" అన్నారు. మామూలుగానే అన్నారు, పాలప్యాకెట్ తేవడం గురించి చెప్పినట్టు.

"ఆ డబ్బాలో సగం మీది కాదండీ" అన్నాను.

"ఏ డబ్బా? అద్దం చూడు."

"రెండు డబ్బాలూ."

"మరెవరిది?"

"క్లచ్ తొక్కనా, వదలనా?"

"ఎవరిదే?"

"మన ఇంటిదే."

ఆయన మొహం పాలిపోయింది. "అమ్మదా?"

"ఛీ! నాదండీ."

ఆయన తన కాలికింది బ్రేకు తొక్కారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అంత గట్టిగా తొక్కి ఉండరు. బ్యాంకు ఆవిడ పక్కన నిలబడి నేర్చుకోవచ్చు. వెనక స్కూటరు అతను హారన్ మోగిస్తూనే ఉన్నాడు.

మొత్తం చెప్పాను. మోచెయ్యి, కళ్ళజోడు, నాలుగు గ్లాసులు, గాలిపటం, తొమ్మిది వందలు, నిమ్మకాయలు.

"నా వేళ్ళు వాసన చూశావు" అన్నారు.

"చూశాను."

"దోసకాయ ముక్కకి నన్ను దొంగని చేశావు. అన్నయ్యతో బలపం సంగతి మాట్లాడావు. పదిహేను రోజులు మూడు గ్రాములు పెట్టావు. మూడు!"

"పెట్టాను."

ఎర్రగా అయిపోయారు. తిడతారనుకున్నాను, తిట్టించుకోవడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. ఉన్నట్టుండి ఆయన అద్దం దించి, తల బయటపెట్టి, వెనక స్కూటరు అతనితో, "నాది కాదట సార్! నాకేం కాలేదట!" అని అరిచారు. స్కూటరు అతను హారన్ ఆపేశాడు. మా కారును చుట్టి దూరంగా వెళ్ళిపోయాడు.

ఆయన నవ్వుతూనే ఉన్నారు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇద్దరం రోడ్డు మధ్యలో కారులో కూర్చుని నవ్వాం.

అప్పుడు, కుళాయి కట్టేసినట్టు ఆయన నవ్వు ఆగిపోయింది.

"మరి నీది..." అన్నారు.

ఆ మాట పూర్తి చేయలేదు. నేను ఆదివారం కొట్టేసిన వాక్యాలు కూడా అక్కడే ఆగాయి.

"దిగు" అన్నారు. "ఇంటికి నేను నడుపుతాను."

దారి పొడుగునా గేరు మార్చాల్సినప్పుడల్లా మార్చి, చెయ్యి తిరిగి నా చేతి మీద పెట్టారు. నేర్చుకునేవాళ్ళకు ఆయన ఇది చేయవద్దనే చెబుతారు.

జూలై 10, గురువారం

సూది లేదు.

ముందు నర్సుకు చెప్పాను. ఆ అమ్మాయి కలం పట్టుకుని, కాగితం తీసి, "అమ్మా, ఇక్కడ 'జరిగిన లోపం' అని ఉంది. ఏం రాయమంటారు?" అంది.

"ఉన్నదున్నట్టు రాయి."

"'రోగి భార్య తన...'" అని ఆగిపోయింది. "ఇది మా పైవాళ్ళందరూ చదువుతారమ్మా."

"ఇటివ్వు" అన్నాను. గీతలు గీసి నేనే రాశాను. తేదీ, ఆయనది, నాది, మొత్తం. కింద కారణం: మొదటిసారి మోచెయ్యి, రెండోసారి గాలిపటం. సంతకం. ఈ స్టడీలో ఇంత శుభ్రంగా నింపిన కాగితం చూడలేదని ఆ అమ్మాయే ఒప్పుకుంది.

పెద్ద డాక్టరుగారు అది చదివి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివారు. "శాంపిల్ తక్కువ తెచ్చినవాళ్ళను చూశాను. నీళ్ళు కలిపి తెచ్చినవాళ్ళను కూడా చూశాను. ఇది మాత్రం..." అన్నారు.

"నీళ్ళు కలపడం మోసం కదండీ" అన్నాను.

ఆయన కాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. భుజాలు కదిలాయి. తర్వాత ఇటు తిరిగి, గట్టిగానే చీవాట్లు పెట్టారు. ఈ అంకెలు నమ్మి ఒక మనిషికి సూది గుచ్చబోయామమ్మా అన్నారు. స్టడీలో ఉన్న మిగతావాళ్ళ మందు కూడా ఈ అంకెల మీదే తేలుతుందన్నారు. అది నేను ఆలోచించలేదు. తల వంచుకున్నాను. ఆ చీవాట్లు నాకు రావలసినవే, పూర్తిగా తీసుకున్నాను.

ఆయనను ఒక రోజు అక్కడే ఉంచి కొలుస్తారు. నన్నూ ఉంచి కొలుస్తారు. పక్కపక్క మంచాలు. రెండు డబ్బాలు. నర్సు వాటిమీద పేర్లు ఇంత లావు అక్షరాలతో రాసింది, నా మంచం బాత్‌రూమ్‌కి దూరంగా వేయించింది.

జూలై 14, సోమవారం

ఆయనది: 450. తగ్గింది! ఉప్పు మూడు గ్రాములు. అది నేను పెట్టిన మూడే. లెక్క తేలింది.
నాది: 1800.

బీపీ కూడా ఉంది నాకు. ఎప్పటినుంచో ఉందట. తలనొప్పి వస్తే కళ్ళజోడు వెతకడం వల్ల అనుకునేదాన్ని.

"ఇందులో నొప్పి ఉండదమ్మా, ఏమీ తెలియదు" అన్నారు డాక్టరుగారు. "కాళ్ళు వాచేదాకా మీరు మా గడప తొక్కేవారు కాదు. ఇప్పుడే దొరికింది. కిడ్నీలు ఇంకా బాగానే ఉన్నాయి. మాత్రలు వేసుకుని, ఉప్పు మానేస్తే చాలాకాలం బాగానే నడుస్తుంది." నాకిచ్చినవి అసలు మాత్రలే, ఉత్తవి కావు. రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను.

ఆయనను స్టడీలో ఉంచారు. ఆ రెండు అంకెలూ కొట్టేశారు, మాత్ర మళ్ళీ మొదలుపెట్టారు. ఇకనుంచి ఆయన డబ్బా మాత్రం ఆసుపత్రిలోనే, నర్సు ఎదురుగా. ఇంటి నుంచి తెచ్చింది ఒప్పుకోరట. ఎందుకు ఒప్పుకోరో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

ఇంటికి రాగానే అత్తయ్యకు అంతా చెప్పాం. ఆవిడ టీవీ కట్టేశారు. నా దగ్గరికి వచ్చి, తల నిమిరి, "మొగుడి డబ్బాలో దొంగతనంగా పోసి తన రోగం తనే పట్టుకుంది నా కోడలు. డాక్టర్లు కూడా ఇలా పట్టలేరు" అన్నారు. వెంటనే చెయ్యి తీసేసి, "అయినా నా కళ్ళజోడు అడగబట్టి కదా ఇదంతా తేలింది" అన్నారు.

నిమ్మకాయ సీసా: మిగిలిన 12 ముక్కలు పారేశాను. నా కాపురంలో ఒక వస్తువు పారేయడం ఇదే మొదటిసారి. సీసా కడిగి ఎండలో బోర్లించాను. ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు, దాన్ని నేను మళ్ళీ చూడకుండా.

జూలై 28, సోమవారం

నిన్న నా డబ్బా రోజు. నేను స్టడీలో లేను కాబట్టి ఇంట్లోనే.

ఆయన బాత్‌రూమ్ బయట స్టూలు వేసుకుని కూర్చున్నారు. సెలవు రోజంతా అక్కడే. పేపరు అక్కడే, కాఫీ అక్కడే. నేను వచ్చినప్పుడల్లా టైము రాసుకున్నారు. ఆయన దస్తూరీ కోడి కెలికినట్టు ఉంటుంది, అయినా గీతలు మాత్రం తిన్నగా గీశారు. అత్తయ్యను ఆ చుట్టుపక్కలకు రానివ్వలేదు, కళ్ళజోడు దారంతో మెడకు కట్టేశారు.

నా ఉప్పు కూడా ఇప్పుడు డబ్బీలోనే. ఐదు గ్రాములు. రెండు డబ్బీలు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో గుర్తుపట్టలేం. ఈసారి నిజంగానే ఒకే గిన్నె.

పొద్దున చివరిది పోశాక కొలిచాను. (ఆయన డబ్బా పట్టుకున్నారు, నేను పాత్ర పట్టుకున్నాను. మోచేతులు రెండూ ఒంటికి ఆనించి ఉంచాను.) తాగింది 2000. వచ్చింది 1400. ఆరు వందలు తక్కువ.

నేను ఆ అంకె వైపు చూస్తూ ఉండిపోయాను. ఆయన కనిపెట్టారు.

"కావాలంటే ఒక అరలీటరు నేను సర్దుతాను" అన్నారు. "ఒకే గిన్నెలోది తింటున్నాం కదా."

కొలపాత్రతో కొట్టబోయాను. ఖాళీదే.

ఆ నర్సు పిల్ల చెప్పింది నిజమే అయి ఉండాలి. చెమటలో కొంత, ఊపిరిలో కొంత. నిన్నంతా స్టూలు మీద ఆయనను చూసి నవ్వుతూనే ఉన్నాను, అందులో కూడా కొంత పోయి ఉంటుంది.

తాగింది 2000. వచ్చింది 1400. తేడా 600.

తేడా అలాగే ఉంచాను.